పిన్ని దగ్గర చిల్లర లేదు

మార్చి 3, సోమవారం

క్షమాపణ. ముందుగా, చాలా పెద్ద ఎత్తున, క్షమాపణ. ఈ పుటల్లో జరగబోయేవాటికి యావత్ మానవజాతికీ, శునకజాతికీ, బ్యాంకులకీ, కళ్ళజోళ్ళ పరిశ్రమకీ చేతులు జోడించి క్షమాపణ చెప్పుకుంటున్నాను. ఇంకా ఏమీ జరగలేదు. కానీ నా సంగతి నాకు తెలుసు. ముందే చెప్పేసుకుంటే తర్వాత భారం ఉండదు.

ఈ డైరీ ఎవరూ చదవరు. అమ్మా, నువ్వు చదువుతుంటే మాత్రం మళ్ళీ పరుపు కిందే పెట్టేయ్. దిండు కింద కాదు.

విషయానికొస్తే, కామర్స్‌లో పట్టా పుచ్చుకుని, అప్పట్నుంచీ ఫ్యాను కింద పడుకుని ప్రపంచ ఆర్థిక వ్యవస్థని పర్యవేక్షిస్తున్న నాకు ఇవాళ ఉద్యోగం వచ్చింది. పిన్ని కొట్లో. హోదా: చెల్లింపుల శాఖాధిపతి. జీతం అడిగితే పిన్ని "చూద్దాంలేరా" అంది. దాన్ని నేను అంకెల్లోకి మార్చలేకపోయాను.

పిన్నిది కుక్కలకి స్నానం చేయించే కొట్టు. రెండు గదులు. ముందుగదిలో ఒక బల్ల, ఒక బెంచీ, గోడకి వేలాడే పట్టీలు. వెనక గదిలో నడుమెత్తు తొట్టి, విమానం లేచినంత మోతతో వేడిగాలి ఊదే మెషిను, చక్రాల మీద నడిచే తువ్వాళ్ళ స్టాండు. మధ్యలో ఒక గడప. కుక్కల యజమానులు ఆ గడప దాటకూడదు. అది కొట్టు రాజ్యాంగంలో మొదటి సూత్రం. యజమాని కనబడితే కుక్కకి ఎక్కడ లేని ఏడుపూ ముంచుకొస్తుంది, సబ్బునీళ్ళతో సహా వెళ్ళి ఒళ్ళో కూర్చుంటుంది. అందుకని వాళ్ళు బెంచీ మీద కూర్చుంటే, పిన్ని మోచేతుల దాకా నురుగుతో లోపల్నుంచే అరుచుకుంటూ కబుర్లు చెబుతుంది.

ఇవాళ ఒకావిడ తెల్లటి దూదిమూటలాంటి కుక్కపిల్లతో వచ్చింది.

"స్కాన్ చేయొచ్చా అండీ?"

"నోట్లేనమ్మా."

"కార్డు?"

"నోట్లేనమ్మా."

"ఈ రోజుల్లో కూడానా!" అని ఆవిడ, దూదిమూట ఇద్దరూ ఒకే రకంగా ముక్కు చిట్లించి, వీధి చివర అద్దాల తలుపుల కొత్త కొట్లోకి వెళ్ళిపోయారు. ఈమధ్య ఇలా వెళ్ళిపోయేవాళ్ళు ఎక్కువయ్యారట. పిన్ని గుమ్మంలో నిలబడి వాళ్ళు కనుమరుగయ్యేదాకా చూసి, నావైపు తిరిగింది.

"ఒరేయ్, నీ చదువు దేనికైనా పనికొస్తుందేమో చూడు."

చరిత్ర నన్ను పిలిచింది. లేచాను.

మార్చి 4, మంగళవారం

అమ్మ వంటగదిలోంచి అధికారికంగా హెచ్చరిక జారీ చేసింది.

"కొట్లో ఏం మార్చుకుంటావో మార్చుకో. ఆ కళ్ళజోళ్ళాయన జోలికి మాత్రం వెళ్ళకు."

కళ్ళజోళ్ళాయన అంటే పక్కవీధిలో కళ్ళద్దాల షాపాయన. పెళ్ళి చేసుకోలేదు. (అమ్మ విచారించింది. ఎవరి దగ్గర, ఎలా అని అడగడం మర్యాద కాదు.) ఆయనకో ముసలి కుక్క ఉంది. బొద్దుగా, బద్ధకంగా, ఎవరో కాళ్ళు పట్టాలన్నట్టు నడుస్తుంది. మేం దాన్ని జమీందారు అంటాం. మూడేళ్ళుగా ప్రతి శనివారం జమీందారుకి స్నానం. అంత శుభ్రంగా ఉండే కుక్కని నేనింతవరకూ చూడలేదు. దాని ఒంటి మీద మురికి పట్టే తీరికే ఉండదు.

మా పిన్నికి నలభై దాటింది. పెళ్ళి ఊసెత్తితే దువ్వెన పట్టుకుని దొరికిన కుక్కనల్లా దువ్వేస్తుంది. కానీ శనివారం వచ్చిందంటే కొత్త ఏప్రన్ కట్టుకుంటుంది. ఆయనా శనివారం గడ్డం గీసుకుని వస్తాడు. సంగతేమిటో మా ఇంటిల్లిపాదికీ తెలుసు, వాళ్ళిద్దరికీ తప్ప.

శనివారాల సంభాషణ నాకు కంఠతా వచ్చు.

"ఎంతండీ?"

"ఎప్పుడూ ఇచ్చేదేనండీ."

ఆయన ఇస్త్రీ చేసినట్టుండే పెద్ద నోటొకటి తీస్తాడు.

"అయ్యో, చిల్లర లేదండీ."

"పర్లేదండీ. వచ్చే వారం చూద్దాం."

వచ్చే వారం పిన్ని మిగతాది ఇవ్వబోతే, "ఈ వారానిది అందులో పట్టుకోండి" అంటాడు. పట్టుకుంటే తక్కువ పడుతుంది. మళ్ళీ పెద్ద నోటు. మళ్ళీ చిల్లర లేదు. ఎవరు ఎవరికి ఎంత ఇవ్వాలో బెంచీ మీద కూర్చుని అరగంట తర్జనభర్జన పడతారు. తేలదు. నవ్వుకుంటారు. ఆయన వెళ్ళిపోతాడు.

"మనసులో మాట పెదాల దాకా వచ్చి ఆగిపోతోందిరా ఇద్దరికీ. ఈ ఏడాదైనా బయటపడుతుందని నేను చూస్తున్నా. నువ్వు మధ్యలో దూరి పాడుచేశావో, ఈ ఇంట్లో నీకు భోజనం బంద్."

నాన్న పేపరు దించకుండానే, "అది రాసిపెట్టుకోరా" అన్నాడు. రాసిపెట్టుకున్నాను.

మార్చి 5, బుధవారం

రాత్రంతా ఆలోచించాను. (పది నిమిషాలు.) అమ్మకి ఒక విషయం అర్థం కాలేదు. పాపం, మూడేళ్ళుగా వాళ్ళిద్దరూ మాట్లాడుకునేది దేని గురించి? చిల్లర గురించి. ప్రేమకి అడ్డంగా నిలబడింది చిల్లర! ఆ అడ్డు తీసేస్తే ఇద్దరూ హాయిగా మనసు విప్పుకుంటారు. నేను వాళ్ళ జోలికి వెళ్ళడం లేదు. చిల్లర జోలికి వెళ్తున్నాను.

నాలో ఇంత సున్నితత్వం ఉందని నాకే తెలీదు.

మార్చి 6, గురువారం

కార్డు మెషిన్ల కంపెనీ నుంచి టై కట్టుకున్న పెద్దమనిషి వచ్చాడు. నెలకి అద్దె ఉంటుందట, ప్రతి చెల్లింపు మీదా కమిషన్ ఉంటుందట, డబ్బు మర్నాడు బ్యాంకులో పడుతుందట, శనాదివారాలొస్తే ఆ తర్వాతట. ఇదంతా ఆయన "అత్యంత సులభం మేడమ్" అన్న మాటతో మొదలుపెట్టి అదే మాటతో ముగించాడు.

పిన్ని తొట్టి దగ్గర్నుంచి అడిగింది: "నీళ్ళు పడితే?"

"జాగ్రత్తగా చూసుకోవాలి మేడమ్."

"కుక్క నాకితే?"

ఆయన దగ్గర ఆ ప్రశ్నకి కరపత్రం లేదు. సరిగ్గా అప్పుడే ఒక గోధుమరంగు కుక్క వచ్చి బల్ల మీద మెషిన్‌ని ఆప్యాయంగా, ఆ చివర్నుంచి ఈ చివరికి నాకింది. మెషిన్లోంచి దానంతటదే ఒక ఖాళీ రసీదు బయటికొచ్చింది. కుక్క అది కూడా పుచ్చుకుంది. పెద్దమనిషి టై సర్దుకుని సెలవు తీసుకున్నాడు.

తర్వాత ఫోనుకి లింకు పంపే పద్ధతి గురించి చెప్పాను. స్నానం అయ్యాక లింకు పంపుతాం, వాళ్ళు ఇంటికెళ్ళి కడతారు.

"ఇంటికెళ్ళాక గుర్తుంటుందా? నీకు నేను చెప్పిన పని గుమ్మం దాటితే గుర్తుంటుందా?"

పోనీ ముందే కట్టించుకుని సమయం ఇద్దామా అన్నాను.

"కట్టేశాక కుక్క రానని మొండికేస్తే? డబ్బు వెనక్కివ్వాలా? కమిషన్ ఎవరిది? దానికి మళ్ళీ ఎన్ని రోజులు?"

పిన్ని చదువు పదో తరగతిలో ఆపేసింది కానీ నోరు ఆపలేదు. చివరికి మిగిలింది క్యూఆర్ స్టిక్కరు. ఖర్చు లేదు. గోడకి అంటిస్తే చాలు, వాళ్ళే స్కాన్ చేసుకుని కట్టేస్తారు.

"కట్టారని నాకెలా తెలుస్తుంది? 'వెళ్ళింది చూడండి' అని ఫోను చూపిస్తారు. నా కళ్ళలో నురుగు."

అందుకే స్టిక్కరుతో పాటు మాట్లాడే పెట్టె. డబ్బు పడగానే ఎంత పడిందో పైకి అరిచి చెబుతుంది. కొద్దిపాటి అద్దె.

"అరుస్తుందా? ఇన్ని కుక్కల మధ్యా?" అని పిన్ని కాసేపు ఆలోచించి, "సరే తెప్పించు. ఈ కొట్లో అరవనిది నువ్వొక్కడివే" అంది. దీన్ని ప్రశంసగా నమోదు చేసుకుంటున్నాను.

మార్చి 7, శుక్రవారం

అనుభవజ్ఞుల సలహా కోసం కళ్ళజోళ్ళాయన షాపుకి వెళ్ళాను. (జోలికి కాదు. సలహాకి.) ఆయన షాపులో కార్డు మెషినుంది, క్యూఆర్ ఉంది, అన్నీ ఉన్నాయి. నేను వచ్చిన పని చెప్పగానే చేతిలో తుడుస్తున్న అద్దం మీద బొటనవేలి ముద్ర పడింది.

"మీ పిన్నిగారికి... అదంతా అవసరమా?"

"కాలంతో పాటు నడవాలి కదా సార్."

"నెట్‌వర్క్ ఉండదు బాబూ ఒక్కోసారి."

"ఆ వీధిలో బాగానే వస్తుంది సార్."

"తడి నేల కదా. కరెంటు వస్తువు. షాక్ కొట్టొచ్చు."

"బ్యాటరీ సార్."

"కుక్కలు భయపడతాయేమో."

"అలవాటు పడతాయి సార్."

"నోటుకుండే..." అని ఆగి, ఎదురుగా వరసగా పెట్టిన ఫ్రేముల వంక సాయం కోసం చూశాడు. "నోటుకుండే నిండుదనం వేరు."

అన్ని రకాల చెల్లింపులూ తీసుకునే మనిషి ఇలా మాట్లాడటం వింతగా తోచింది. ఈలోగా ఒకాయన కళ్ళద్దాల తాడు కొన్నాడు. కళ్ళజోళ్ళాయన సొరుగు లాగాడు. లోపల చిన్న నోట్లు రబ్బరు బ్యాండ్లు వేసి కట్టలు కట్టలుగా ఉన్నాయి, నాణేలు గిన్నెలో గలగలమంటున్నాయి. ఇంత చిల్లర పెట్టుకుని శనివారం పెద్ద నోటు పట్టుకొస్తాడేమిటి?

మతిమరుపు. ఒంటరివాళ్ళకి వస్తుందంటారు. ఆయన మీద నాకు చాలా జాలి కలిగింది.

మార్చి 10, సోమవారం

ప్రారంభోత్సవం. మొదటి స్టిక్కరు బల్ల మీద అంటించాను. ఒక బుజ్జికుక్క దాన్ని మూల దగ్గర పట్టుకుని, చక్కగా ఊడదీసి, నమిలి మింగింది. ఇప్పుడు ఎవరైనా కట్టాలంటే ఆ కుక్కనే స్కాన్ చేయాలి అన్నాను. ఎవరూ నవ్వలేదు. రెండో స్టిక్కరు గోడ మీద, మనుషుల ఎత్తులో.

పెట్టెకి ఆడగొంతు. మహా మర్యాద. "నాలుగొందల యాభై అందింది. ధన్యవాదాలు" అంటుంది, పెళ్ళివారిని లోపలికి రమ్మన్నట్టు. పిన్ని దానికి పెట్టెమ్మ అని పేరు పెట్టింది. మధ్యాహ్నానికి పెట్టెమ్మతో మాట్లాడటం కూడా మొదలుపెట్టింది. "అందిందా తల్లీ? సరే సరే."

దూదిమూట తిరిగొచ్చింది! కట్టింది! పెట్టెమ్మ అరిచింది! ఎవరైనా నాకు సన్మానం చేయాలనుకుంటే నేను వద్దనను.

మార్చి 12, బుధవారం

మన కుక్కల తెలివి గురించి మనకి తెలిసింది చాలా తక్కువ.

జరిగిందిది. ఇక్కడ అందరూ స్నానం అయ్యాకే డబ్బు కడతారు. అంటే పెట్టెమ్మ అరవగానే పట్టీ తగిలిస్తారు, గుమ్మం తెరుస్తారు, ఇంటికెళ్ళిపోతారు. ఈ సంగతి కుక్కలు రెండు రోజుల్లో కనిపెట్టేశాయి. నేను డిగ్రీకి తీసుకున్న కాలం గురించి ఇక్కడ మాట్లాడనవసరం లేదు.

ఇవాళ ఒకావిడ బెంచీ దగ్గర నిలబడి డబ్బు కట్టింది. "నాలుగొందల యాభై అందింది." అంతే. తొట్టిలో అప్పుడే నిలువెల్లా నురుగు పట్టించిన పెద్ద నల్లకుక్క, తన స్నానం కూడా అయిపోయిందనుకుని, తొట్టి గోడ దూకి, పిన్ని భుజం మీదుగా, గడప మీదుగా, బెంచీ మీదుగా వీధిలోకి పోయింది. వెనకాల నేను. నా వెనకాల పిన్ని. వీధిలో వాళ్ళంతా మేఘం పరుగెడుతోందనుకున్నారు.

పట్టుకొచ్చాక పిన్ని రొప్పుతూ అంది: "ఒరేయ్. ఆ టై కట్టుకున్నాయన కుక్కల గురించి అడిగితే నోరు తెరవలేదు చూడు. ఆయనకి తెలుసురా."

ఇకనుంచి తొట్టిలో కుక్క ఉండగా ఎవరూ కట్టకూడదని గోడ మీద బోర్డు పెట్టాను. అక్షరాలు పెద్దవిగా రాశాను.

మార్చి 15, శనివారం

చారిత్రాత్మక దినం. కళ్ళజోళ్ళాయన వచ్చాడు. పిన్ని కొత్త ఏప్రన్. జమీందారుకి స్నానం అయ్యింది. ఆయన యథాప్రకారం పెద్ద నోటు తీయబోయాడు.

"అక్కర్లేదు సార్!" అని నేను వేదిక మీదకి దూకాను. గోడ చూపించాను. అంతేకాదు, రెండు రోజులు కూర్చుని మూడేళ్ళ పాత లెక్కంతా తిరగేసి, ఎవరికెంత రావాలో తేల్చి, ఆయనకి రావలసింది ఫోన్లో పంపించేశాను. "మీ రెండువైపులా సున్నా సార్. పూర్తిగా సున్నా!"

ఆయన ఫోను చూసుకున్నాడు. పిన్ని పెట్టెమ్మ వంక చూసింది.

"సున్నానా అండీ?" అన్నాడాయన.

"సున్నానటండీ," అంది పిన్ని.

ఆయన స్కాన్ చేశాడు. అందింది, ధన్యవాదాలు. ఇద్దరూ నిలబడ్డారు. కాసేపు జమీందారు గురించి మాట్లాడదామని దానివైపు చూశారు. అది ఆవలించింది.

"అయితే వస్తానండీ."

"మంచిదండీ."

బెంచీ మీద ఎవరూ కూర్చోలేదు. అరగంట పట్టే వ్యవహారం రెండు నిమిషాల్లో ముగిసింది. సామర్థ్యం!

ఇంకా మనసులు విప్పుకోలేదు. మొదటిరోజు కదా. మొహమాటం.

మార్చి 18, మంగళవారం

ఉత్సాహం పట్టలేక నెలవారీ ప్యాకేజీ కనిపెట్టాను. నెలకి ఒకేసారి లింకులో కట్టేస్తే, నేనే ఇంటికొచ్చి కుక్కని తీసుకెళ్ళి, కడిగించి, మళ్ళీ దిగబెడతాను. ఎవరికి ముందు చెప్పాలి? మన అత్యంత విశ్వాసపాత్రుడైన ఖాతాదారుకే.

"అంటే నేను రానక్కర్లేదా?" అన్నాడు కళ్ళజోళ్ళాయన.

"అస్సలు అక్కర్లేదు సార్!"

"ఇది... మీ పిన్నిగారి ఆలోచనేనా?"

"మా సంస్థ ఆలోచన సార్."

"ఆవిడకి ఇలా అయితే సౌకర్యమంటారా?"

"చాలా సార్. చాలా."

ఆయన కళ్ళజోడు తీసి తుడిచాడు. పెట్టుకున్నాడు. మళ్ళీ తీసి తుడిచాడు. తర్వాత కట్టేశాడు.

మొదటి ప్యాకేజీ అమ్ముడుపోయింది!

మార్చి 22, శనివారం

జమీందారుని నేనే నడిపించుకొచ్చాను. పిన్ని కొత్త ఏప్రన్ కట్టుకుని గుమ్మంలో ఉంది. నా భుజం మీదుగా వీధి చివరిదాకా చూసింది.

"నువ్వొక్కడివేనా?"

"ప్యాకేజీ పిన్నీ."

"ఓహో."

జమీందారుకి రెండుసార్లు షాంపూ పట్టించింది. గోళ్ళు కత్తిరించింది, అవి కిందటివారమే కత్తిరించినవి. చెవులు తుడిచింది. తుడిచిన చెవులే మళ్ళీ తుడిచింది. గాలి మెషిను మోతలో ఏదో అంది. ఏంటి పిన్నీ అంటే, "నీతో కాదులే" అంది.

మధ్యాహ్నం పిన్ని బెంచీ మీద తువ్వాళ్ళు ఆరేసింది. ఖాళీగా ఉందని.

మార్చి 23, ఆదివారం

అమ్మకి తెలిసింది. భోజనం బంద్.

మార్చి 24, సోమవారం

నిజంగానే బంద్. బేకరీలో బన్ను కొనుక్కున్నాను. స్కాన్ చేశాను. బేకరీ పెట్టె కూడా ధన్యవాదాలు చెప్పింది. బయట నిలబడ్డ కుక్క ఒకటి ఇంటిదారి పట్టింది.

మార్చి 25, మంగళవారం

నేను గాడిదని. (ఈ వాక్యాన్ని అధికారిక రికార్డుగా పరిగణించవలెను.)

తువ్వాళ్ళ స్టాండు సర్దుతుంటే, పై అరలో, మడతల వెనక, పెద్ద రేకు బిస్కెట్ డబ్బా తగిలింది. ఎత్తబోతే ఎత్తలేకపోయాను. మూత తీశాను. నాణేలు. చిన్న నోట్లు. మళ్ళీ నాణేలు. ఒక ఊరికి సరిపోయేంత చిల్లర.

"పిన్నీ, ఇదేంటి?"

"ముట్టుకోకు! అక్కడ పెట్టు!"

"ఇంత చిల్లర ఉండగా నువ్వు ఎప్పుడూ చిల్లర లేదని..."

పిన్ని మొహం తిప్పుకుని దువ్వెన అందుకుంది. తొట్టిలో ఏ కుక్కా లేదు. ఏప్రన్‌నే దువ్వడం మొదలుపెట్టింది.

అప్పుడు నాకు పక్కవీధిలో సొరుగు గుర్తొచ్చింది. రబ్బరు బ్యాండ్లు. గిన్నెలో గలగల. అక్కడ అంత చిల్లర పెట్టుకుని ఆయన పెద్ద నోటు తెస్తాడు. ఇక్కడ ఇంత చిల్లర పెట్టుకుని ఈవిడ లేదంటుంది. మూడేళ్ళు. ప్రతి శనివారం. వాళ్ళ మధ్య అడ్డంగా ఉందనుకుని నేను పీకేసింది గోడ కాదు, వంతెన.

పైగా రెండువైపులా సున్నా అని చాటింపు వేశాను. బుద్ధుంటే కదా.

మార్చి 27, గురువారం

అమ్మ ముందు లొంగిపోయాను. డబ్బా సంగతి, సొరుగు సంగతి పూసగుచ్చినట్టు చెప్పాను.

"ఇప్పుడు తెలిసిందా?" అంది అమ్మ.

"నీకు ముందే తెలుసా?"

"ఆ డబ్బా ఇచ్చింది నేనేరా."

నాన్న పేపరు వెనక నవ్వాడు. పేపరు కదిలింది.

"మరి నాకు చెప్పొచ్చు కదమ్మా!"

"నీకు చెబితే రహస్యం ఎక్కడుంటుంది? పరుపు కిందా?"

ఈ మాట ఎందుకన్నదో నేను ఆలోచించదలచుకోలేదు.

పోనీ వెళ్ళి పిన్నికి చెప్పేద్దామా, ఆయన దగ్గరా చిల్లరుందని? అమ్మ తల అడ్డంగా ఊపింది. మనం చెబితే సిగ్గుపడి ఇద్దరూ ముడుచుకుపోతారట. వాళ్ళంతట వాళ్ళే చూసుకోవాలట. ఫోను తీసుకుని ఆయనకి చేసింది. "మావాడి కాలు బెణికిందండీ. ఈ శనివారం జమీందారుని మీరే తీసుకెళ్ళాలి. ఏమీ అనుకోకండి." ఫోను పెట్టేసి నావైపు చూసింది.

"కుంటు."

"ఏ కాలు?"

"నీ ఇష్టం. ఒకటే కాలు కుంటు కానీ."

మార్చి 29, శనివారం

నిదానంగా, ఉన్నదున్నట్టు రాస్తాను.

నేను కాలికి గుడ్డ చుట్టుకుని కొట్టు బయట గట్టు మీద, కిటికీ పక్కన కూర్చున్నాను. కాలికి విశ్రాంతి కావాలి కదా. ఫోన్లో వార్తలు చదువుకుంటున్నాను. కిటికీలోంచి లోపల అంతా కనబడితే అది నా తప్పు కాదు, కిటికీ కట్టినవాడి తప్పు.

కళ్ళజోళ్ళాయన వచ్చాడు. గడ్డం గీసుకున్నాడు. "ఎలా ఉంది బాబూ కాలు?" అన్నాడు. "పర్లేదు సార్," అని కుడికాలు పట్టుకున్నాను. గుడ్డ ఎడమకాలికి ఉంది. ఆయన దృష్టి ఎక్కడో ఉంది కాబట్టి బతికిపోయాను.

పిన్నికి ఆయనే వస్తాడని అమ్మ చెప్పలేదు. పాత ఏప్రన్‌లో ఉంది. జుట్టులో నురుగు.

"మీరొచ్చారా!"

"కాలు బెణికిందటగా."

"ఎవరిదీ?"

జమీందారు తొట్టిలోకి ఎక్కింది. ఆయన గడపకి ఇవతల ఆగాడు. బెంచీ మీద తువ్వాళ్ళున్నాయి. కూర్చోడానికి లేదు. పిన్ని నురుగు పట్టిస్తోంది. ఆయన గోడ మీద నా బోర్డు చదివాడు. మళ్ళీ చదివాడు. అంత శ్రద్ధగా చదవాల్సినంత సాహిత్యం దాన్లో లేదు.

"ప్యాకేజీ డబ్బు ముందే కట్టేశాను కదండీ. ఇవ్వడానికేం లేదు."

"అవునండీ. ఏం లేదు."

"లెక్కంతా సరిపోయింది."

"సరిపోయిందండీ."

"అయితే... గంట పోయాక వచ్చి తీసుకెళ్తాను."

"మంచిదండీ."

ఆయన వెనక్కి తిరిగాడు. గుమ్మం దాకా వచ్చేశాడు. ఈ గుమ్మం దాటితే ఇక అంతే, వచ్చే వారం నా కాలు నయమైపోతుంది, నేనే తీసుకొస్తాను, ఆ తర్వాత వారమూ నేనే.

అప్పుడు పెట్టెమ్మ అరిచింది.

"ఒక రూపాయి అందింది. ధన్యవాదాలు!"

జమీందారు జీవితంలో ఎప్పుడూ ఉరకలేదు. ఇవాళ ఉరికింది. నురుగు గుట్టలా లేచి, తొట్టి అంచు మీంచి జారి, తువ్వాళ్ళ స్టాండుని ఢీకొంది. స్టాండుకి చక్రాలు. అది గదంతా ఒక చుట్టు తిరిగి, గడపకి కొట్టుకుని, పక్కకి ఒరిగింది. తువ్వాళ్ళు పడ్డాయి. తువ్వాళ్ళ వెనక డబ్బా పడింది. మూత ఊడింది.

ఆ చప్పుడు నేనెప్పటికీ మర్చిపోను. నాణేలు వెనక గదిలోంచి గడప మీదుగా ముందుగదిలోకి వరదలా వచ్చి, బెంచీ కిందికి, బల్ల కిందికి, ఆయన బూట్ల చుట్టూ దొర్లి, ఒక్కొక్కటీ గిరగిరా తిరిగి పడుకున్నాయి. చివరి నాణెం చాలాసేపు తిరిగింది. అందరూ దాన్నే చూశారు. జమీందారు కూడా.

పిన్ని మొహం ఏప్రన్‌లో దాచుకుంది.

ఆయన వంగి ఒక నాణెం తీశాడు. "ఇవన్నీ..."

"చిల్లరండీ," అంది పిన్ని, ఏప్రన్‌లోంచి.

"ఎప్పట్నుంచి ఉందండీ?"

"ఎప్పట్నుంచో ఉందండీ."

"నేను అడిగినప్పుడల్లా?"

"మీరు అడిగినప్పుడల్లానండీ."

ఆయన లేచి నిలబడ్డాడు. కోపమొచ్చిందేమోనని నేను కుంటడం మర్చిపోయి లేచేశాను. ఆయన చొక్కా లోపలి జేబులోంచి రబ్బరు బ్యాండు వేసిన చిన్న నోట్ల కట్ట తీసి, బల్ల మీద పెట్టాడు.

"నా దగ్గర కూడా ఎప్పుడూ ఉండేదండీ. శనివారం పొద్దున్నే పక్క మందుల షాపుకెళ్ళి పెద్ద నోటుగా మార్చుకునేవాణ్ణి. పోయిన్నెల ఆయన విసుక్కున్నాడు కూడా, వారం వారం ఇదేం పని అని."

ఏప్రన్ కిందికి దిగింది. ముందు పిన్ని కళ్ళు కనబడ్డాయి. తర్వాత నవ్వు. అది చిన్నగా మొదలై, ఆపుకోబోయి, ముక్కులోంచి బయటపడింది. ఆయనా నవ్వాడు. ఇద్దరూ అలా నవ్వుతూ ఉండగా జమీందారు ఒళ్ళు విదిలించి ఇద్దరినీ తడిపింది.

నవ్వు ఆగాక ఆయన అన్నాడు: "ఇప్పుడు లెక్క తేలిపోయింది కదండీ. ఇక ఏం వంక పెట్టుకుని రాను?"

పిన్ని నురుగు చేతులు ఏప్రన్‌కి తుడుచుకుంది. కింద పడ్డ తువ్వాళ్ళలో పొడిగా ఉన్నదాన్ని వెతికి తీసి, గడప అవతల్నుంచి చేయి చాపింది.

"లోపలికి రండి. తువ్వాలు పట్టుకోండి. ఈ జమీందారు నా ఒక్కదానికీ లొంగదు."

ఆయన గడప వంక చూశాడు. రాజ్యాంగం వంక చూశాడు. కళ్ళజోడు మీది నురుగు తుడుచుకోకుండానే దాటాడు.

నేను కిటికీ దగ్గర్నుంచి తప్పుకున్నాను. నాక్కూడా కాస్త మర్యాద తెలుసు. కొద్దిసేపు చూశాకే తప్పుకున్నాను.

మార్చి 31, సోమవారం

భోజనం పునరుద్ధరించబడింది. రెండోసారి అడక్కుండానే వడ్డించారు.

కొట్లో చెల్లింపుల విధానం ఖరారైంది. స్టిక్కరు ఉంటుంది. పెట్టెమ్మ ఉంటుంది, గొంతు తగ్గించాం. నోట్లూ తీసుకుంటాం, చిల్లర ఉందని గోడ మీద పిన్నే రాసింది. కార్డు మెషిను వద్దు. ప్యాకేజీ రద్దు. కట్టిన ఒకే ఒక్క ఖాతాదారుకి డబ్బు తిరిగిచ్చేద్దామంటే, వద్దు, శనివారాలు వచ్చి తువ్వాలు పడతాను, అందులో పట్టుకోండి అన్నాడట. ఎంత పట్టుకోవాలో ఇద్దరూ బెంచీ మీద కూర్చుని మాట్లాడుకుంటున్నారు. మాట్లాడుకోనివ్వండి. అమ్మ రేపు ఆయన్ని భోజనానికి పిలిచింది. నాన్న కళ్ళద్దాలు మార్చుకోవాలని హఠాత్తుగా నిర్ణయించుకున్నాడు.

ఇవాళ పిన్ని ఫోన్లో వారం జమలు చూస్తూ అంది:

"ఒరేయ్, శనివారం ఎవరో ఒక రూపాయి కట్టారు. ఒక్కటి! ఏ కుక్కకీ ఒకటి తీసుకోం కదా మనం. ఎవరై ఉంటారు?"

"ఎవరో దాత పిన్నీ."

"పొరపాటున పంపారేమో. పాపం, తిరిగిచ్చేద్దామా?"

"ఎవరో తెలీకుండా ఎలా ఇస్తాం?"

పిన్ని నన్ను చూసింది. నా ఎడమకాలు చూసింది. కుడికాలు చూసింది. నా జీతం కవరు చేతిలో పెట్టింది. కవరు మీద, విడిగా, ఒక రూపాయి నాణెం ఉంది.

సరే. ఈ నెలంతా ఇక్కడ చాలా ఘనకార్యాలు రాసుకున్నాను. విధానాలు, సంస్కరణలు, చారిత్రాత్మక దినాలు. వాటిలో సగం కుక్కలు చేశాయి, మిగతా సగం అమ్మ చేసింది. కాలు బెణికించింది అమ్మే. డబ్బాని అరలో పెట్టుకున్నది పిన్నే. దూకింది జమీందారే. గడప దాటింది ఆయనే. నేను నిజంగా చేసిన పని ఒక్కటే ఉంది. శనివారం, గట్టు మీద, ఆయన గుమ్మం దాకా వచ్చేసిన క్షణంలో, నేను చదువుతున్నది వార్తలు కాదు.

ఆ రూపాయి కట్టింది నేనే.